అంచు పట్టుకుని తొక్కాలా, లేన్‌లోకి రావాలా? ఫోన్ చూసే డ్రైవర్ల మధ్య సైకిలు ప్రయాణం

నమస్కారం. మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మూడు నెలలుగా మీరు హైదరాబాదులో మియాపూర్ నుంచి గచ్చిబౌలిలోని ఆఫీసుకు సైకిలుపై వెళ్తున్నారు. కార్లు, బస్సులు మోచేతికి తగిలేంత దగ్గరగా దాటిపోతున్నాయి, డ్రైవర్లలో చాలామంది ఫోన్ చూస్తూ కనిపిస్తున్నారు. ఈ పరిస్థితిలో రోడ్డు ఎడమ అంచును పట్టుకుని వెళ్లడం మేలా, లేన్‌లోకి రావడం మేలా అన్నది మీ మొదటి ప్రశ్న. పరధ్యానంలో ఉన్న డ్రైవర్‌ను ముందే గుర్తుపట్టడం ఎలా అన్నది రెండోది.

సూటిగా చెబుతాను. అంచును పట్టుకుని తొక్కకండి. వాహనాలు 30, 40 కిలోమీటర్ల వేగంతో కదిలే నగర రోడ్డుపై అంచు నుంచి దాదాపు ఒక మీటరు లోపలికి జరిగి, అటూ ఇటూ ఊగకుండా తిన్నగా తొక్కండి. రోడ్డు ఇరుకైన చోట, కూడలి దగ్గరపడినప్పుడు ఇంకాస్త లోపలికి రండి. వాహనాలు 60 దాటి పోయే రోడ్డుకు మాత్రం ఈ సలహా వర్తించదు. అక్కడ సర్వీస్ రోడ్డో, చుట్టైనా సరే వేరే దారో చూసుకోవాలి. రెండో ప్రశ్నకు జవాబు ఏమిటంటే, పరధ్యానాన్ని పట్టిచ్చే గుర్తులు కొన్ని ఉన్నాయి, కింద రాస్తాను. అయితే వాటిపైనే ఆధారపడకుండా, డ్రైవర్ మిమ్మల్ని చూశాడని మీకు రుజువు దొరికేదాకా చూడలేదనే లెక్కన నడుచుకోండి. అతను వేగం తగ్గించడమో, పక్కకు జరగడమో ఆ రుజువు. మీ వైపు తల తిప్పినంత మాత్రాన చూసినట్టు కాదు.

నేను పదకొండేళ్లు బస్సు నడిపాను, ఆ తరువాత పదిహేడేళ్లు కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చాను. తెల్లవారుజామున నాలుగింటి డ్యూటీకి వెళ్లడానికి వేరే సాధనం ఉండేది కాదు కాబట్టి, ఆ ఇరవై ఎనిమిదేళ్లలో చాలా భాగం డిపోకు సైకిలుపైనే వెళ్లాను. స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి సైకిలు ఎలా కనిపిస్తుందో, సైకిలుపై ఉన్నవాడికి బస్సు ఎలా కనిపిస్తుందో రెండూ అనుభవంలో ఉన్నాయి గనుక ఈ జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది.

అంచు ఎందుకు వద్దంటున్నానో ముందు చెబుతాను. మన కన్ను ఒక్కసారికి స్పష్టంగా చూడగలిగేది చాలా చిన్న మేర. చెయ్యి బారుగా చాచి పట్టుకుంటే బొటనవేలి గోరు ఎంత కనిపిస్తుందో దాదాపు అంతే. మిగిలినదంతా మసకగానే ఉంటుంది. అక్కడ ఏదో కదిలిందని తెలుస్తుంది గానీ అదేమిటో తెలియదు. అందువల్ల డ్రైవర్ చూపు ఒకచోట నిలవదు, ముందు వాహనం మీది నుంచి సిగ్నల్ మీదికి, అక్కడి నుంచి అద్దం మీదికి గెంతుతూ ఉంటుంది. ఆ గెంతుల్లో రోడ్డు అంచు వంతు చాలా తక్కువ. అంచున ఏముంటాయో మీకు తెలుసు: ఆగి ఉన్న ఆటోలు, పండ్ల బండ్లు, కరెంటు స్తంభాలు, బస్సు కోసం నిలబడ్డ జనం. వాటి పక్కనే పోయే సైకిలు డ్రైవర్ కంటికి ఆ సామగ్రిలో ఒకటిగా కలిసిపోతుంది. ఒక మీటరు లోపలికి వస్తే మీరు ముందు వాహనానికి దగ్గరగా, అంటే అతని చూపు ఎలాగూ తిరిగే చోట ఉంటారు.

కొలతల లెక్క కూడా ఇదే చెబుతుంది. లేన్ మూడున్నర మీటర్లు ఉందనుకోండి. మీరు అంచుకు ఒక అడుగు దూరంలో ఉంటే మీ కుడి హ్యాండిల్ చివర దాదాపు అరవై సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. కారు వెడల్పు 1.8 మీటర్లు. కారు నడిపే మనిషి తన కుడి పక్కన అర మీటరైనా వదులుకుంటాడు. అద్దం ఆక్రమించే జాగా కూడా తీసేస్తే మీ మోచేతికి, ఆ అద్దానికి మధ్య అర మీటరు కూడా మిగలదు. అయినా అతనికి మాత్రం పడుతుందిలే అనిపిస్తుంది, ఎందుకంటే మీరు దారి ఇచ్చినట్టే కనిపిస్తున్నారు. మీరు ఒక మీటరు లోపల ఉంటే ఆ లేన్‌లోనే దూరిపోవడం కుదరదని అతనికి దూరం నుంచే అర్థమవుతుంది; పక్క లేన్‌లోకి జరుగుతాడు, లేదా విసుక్కుంటూ మీ వెనుక ఆగుతాడు. విసుక్కోనివ్వండి, హారన్ కొట్టినవాడు మిమ్మల్ని చూసినవాడే. జర్మనీలో 2020 నుంచి ఊళ్లలో సైకిలును దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటర్లు, ఊరి బయట రెండు మీటర్లు వదలాలన్న నిబంధన ఉంది. బ్రిటన్‌లో 2022లో సవరించిన రోడ్డు నియమావళి కూడా ఒకటిన్నర మీటర్లే చెబుతోంది. మన రోడ్లపై ఆ దూరాన్ని ఎవరూ కొలిచి ఇవ్వరు, మీరు నిలబడే చోటును బట్టే అది దొరుకుతుంది.

ఇందులో మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మీరు ఎడమ పక్కన మీటరు ఖాళీ వదిలితే ఆ సందులోంచి బైకు దూరుతుంది. కాబట్టి గుంత తప్పించడానికో, బస్సుకు దారి ఇవ్వడానికో ఎడమకు జరిగే ముందు ఎడమ భుజం మీదుగా కూడా ఒకసారి వెనక్కి చూడాలి. ఇతర దేశాల వారు రాసిన సలహాల్లో కుడి భుజం, ఎడమ భుజం అని ఏదో ఒకటే ఉంటుంది; మనకు రెండూ కావాలి.

ఇక ఫోన్ విషయం. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. వచ్చిన మెసేజ్ ఎవరిదో చూసి తల ఎత్తడానికి నాలుగు సెకన్లు పడితే వాహనం 44 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది, అంటే నాలుగు సిటీ బస్సులను వరసగా నిలబెట్టినంత దూరం. శిక్షణలో నేను ఈ లెక్కను బోర్డు మీద రాసినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. యార్డులో వేరే పరీక్ష పెట్టినప్పుడు మాత్రం ముఖాలు మారేవి. అభ్యర్థి 20 కిలోమీటర్ల వేగంతో యార్డు చుట్టూ బస్సు నడుపుతుంటే నేను వెనుక సీటులో కూర్చుని, "పదిహేడు రూపాయల టికెట్లు మూడు, వంద నోటు ఇచ్చారు, చిల్లర ఎంత?" అని అడిగేవాణ్ణి. సరిగ్గా అప్పుడే మా మెకానిక్ ఒకతను గోడ పక్కన నిలబడి ఎర్ర గుడ్డ ఎత్తి దించేవాడు. అభ్యర్థి రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండేవి, కళ్లు రోడ్డు మీదే ఉండేవి, నలభై తొమ్మిది అని జవాబు కూడా సరిగ్గానే వచ్చేది. గుడ్డ ఏ రంగుదని అడిగితే "ఏ గుడ్డ సార్?" అనేవారు. అందరూ కాదు గానీ, ప్రతి బ్యాచ్‌లోనూ అలా అన్నవాళ్లు ఉండేవారు.

పరధ్యానం చేతిలో లేదు, తలలో ఉంది అని నేను చెప్పేది ఇందుకే. బ్లూటూత్ పెట్టుకున్నాను, చేతులు ఖాళీగానే ఉన్నాయి అనేవారికి ఈ పరీక్షే జవాబు. నడుపుతూ ఫోన్ వాడేవారికి ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని, హ్యాండ్స్‌ఫ్రీ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా ఏళ్లుగా చెబుతోంది. మన చట్టం మాత్రం చేతిలో పట్టుకున్న ఫోన్ దగ్గరే ఆగింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ దాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా లెక్కిస్తుంది. మొదటిసారికి వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల దాకా జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. దారి చూసుకోవడానికి, ఏకాగ్రత చెడకుండా ఉన్నంత మేరకు ఫోన్ వాడుకోవచ్చని 2020 అక్టోబరు నుంచి నిబంధనల్లో వెసులుబాటు ఉంది. అయితే అదే ఫోన్‌లో క్యాబ్ డ్రైవర్‌కు కొత్త బుకింగ్ మోగుతుంది, కొద్ది సెకన్లలో నొక్కకపోతే అది ఇంకొకరికి పోతుంది. కూడలి మధ్యలో అతను తెర వైపు చూశాడంటే అది అతని నిర్లక్ష్యం ఒక్కటే కాదు, అతని రోజు కూలి కూడా. ఈ మాట అతన్ని వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. పసుపు నంబరు ప్లేటు కారు పక్కన మీరు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలని చెబుతున్నాను.

గుర్తుపట్టడం గురించి అడిగారు కదా. ఫోన్ చూసే డ్రైవర్ వాహనం లేన్‌లో మెల్లగా ఒక పక్కకు జారి, ఉలిక్కిపడ్డట్టు ఒక్కసారిగా తిరిగి లోపలికి వస్తుంది. మిగతా వాహనాల కన్నా నెమ్మదిగా పోతూ తన ముందు అనవసరమైన ఖాళీ వదులుతుంది. ముందువాళ్లు బ్రేకు వేశాక కాసేపటికి గట్టిగా బ్రేకు వేస్తుంది. రాత్రిపూటైతే ముఖం మీద కింది నుంచి పడే వెలుగు అద్దంలోంచే కనిపిస్తుంది. ఇవన్నీ మీ ముందున్న వాహనాలను చూసి తెలుసుకోగలిగినవి, అటువంటి బండి వెనుకే ఉండిపోండి, దాటే ప్రయత్నం చేయకండి. మీ వెనుక వచ్చేవాటి కోసం హ్యాండిల్‌కు కుడి పక్కన చిన్న అద్దం బిగించుకోండి. హెల్మెట్ తరువాత నేను ఖర్చు పెట్టమనేది దాని మీదే.

అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు సిగ్నల్ దగ్గర దొరుకుతుంది. ఎర్ర లైటు పడగానే తలలు కిందికి వంగుతాయి. పచ్చ లైటు పడ్డాక వెనుకవాడు హారన్ కొడితే తల ఎత్తి, చుట్టూ చూడకుండానే క్లచ్ వదులుతారు. ఆ రెండు మూడు సెకన్లు మీరు ఆ బండి ముందు ఎడమ మూలలో ఉన్నారంటే మీరు ఉన్నట్టు అతనికి తెలియదు. కారైతే దానికి ముందు నాలుగైదు అడుగుల దూరంలో, డ్రైవర్ ముఖం మీకు కనిపించే చోట నిలబడండి. బస్సు, లారీ అయితే ఆ పని కూడా చేయకండి. వాటి వెనుకే ఆగండి.

బస్సు విషయంలో ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఒక సంఘటన చెబితే తెలుస్తుంది. ప్రతి బ్యాచ్‌కూ మొదటి వారంలోనే ఒకరిని డ్రైవర్ సీటులో కూర్చోబెట్టి, నేను నా సైకిలును నడిపించుకుంటూ బస్సు వెనుక నుంచి ఎడమ పక్కగా ముందుకు వచ్చేవాణ్ణి. సైకిలు కనిపించినంతసేపు "ఉంది, ఉంది" అంటూ ఉండాలి, అదే పరీక్ష. వెనుక చక్రం దాకా "ఉంది" అనేవారు. ముందు తలుపు దాటాక మాట ఆగిపోయేది. ఒకసారి ఆరడుగుల మనిషి ఒకతను సీటులోంచి సగం లేచి చూసి, "సైకిలు తీసేశారా సార్?" అని అడిగాడు. నేను కిందినుంచి బెల్లు కొట్టాను. బెల్లు వినిపించిన చోటు అతని అద్దం కింద, రెండు అడుగుల దూరంలో ఉంది. మన దగ్గర డ్రైవర్ కుడి పక్కన కూర్చుంటాడు కాబట్టి బస్సు ఎడమ ముందు మూల అతనికి అన్నిటికన్నా దూరం, అన్నిటికన్నా చీకటి. సైకిలు తొక్కేవారు నిలబడేది సరిగ్గా అక్కడే.

అదే బస్సు ఎడమకు తిరిగినప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాలు పోయిన దారిలో పోవు. మలుపు లోపలి వైపు మీటరుకు పైగా కోసుకుంటూ వస్తాయి. ముందు చక్రం మిమ్మల్ని దాటిపోయింది, గండం గడిచింది అనుకున్న క్షణంలో బస్సు పక్క భాగం మిమ్మల్ని ఫుట్‌పాత్ వైపు నొక్కుతుంది. కూడలి దగ్గర బస్సుకు, లారీకి ఎడమ పక్కన ఎంత ఖాళీ ఉన్నా దూరకండి. ఈ జవాబులో మీరు ఒక్క వాక్యమే గుర్తు పెట్టుకోగలిగితే అది ఇదే కావాలి.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. డ్రైవర్‌గా చేరిన మూడో ఏడు, ఒక ఉదయం, దిగవలసిన స్టాపు దాటిపోయిందని ఒక ప్రయాణికుడు నా సీటు వెనుక నిలబడి గొడవ పెట్టుకున్నాడు. నేను తల తిప్పలేదు, రోడ్డు వైపే చూస్తూ నోటితో మాత్రమే జవాబు చెప్పాను. ముందు పాలతను సైకిలుపై పోతున్నాడు. సైకిలును చూశాను, దాటడానికి చాలినంత చోటు కూడా వదిలాను. ఆ చోటు అతని హ్యాండిల్‌ను చూసి వేసిన లెక్క. వెనుక క్యారియర్‌కు రెండు పక్కలా వేలాడే క్యాన్లు హ్యాండిల్ కన్నా బయటికి పొడుచుకుని ఉంటాయన్నది నాకు తెలియనిది కాదు, ఆ క్షణంలో తట్టలేదు. బస్సు పక్క రేకు క్యానుకు తగిలింది. అతను పడిపోయాడు, మోచెయ్యి చీరుకుపోయింది, రెండు క్యాన్ల పాలు రోడ్డు వాలున కాలువలోకి పోయాయి. పాల డబ్బు ఇచ్చాను, ఆసుపత్రికి తీసుకెళ్లాను. చిల్లర లెక్క అడిగే పరీక్ష నాకు ఆ పాలతని వల్లనే తోచింది.

కారు తలుపుల సంగతి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఆగి ఉన్న కార్ల వరసను దాటేటప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకున్నా తగలనంత దూరం, అంటే ఒక మీటరుకు పైగా వదలండి. ట్రాఫిక్‌లో ఆగిన క్యాబ్‌కు, ఫుట్‌పాత్‌కు మధ్య సందులోంచి పోకండి, దిగేవారు ఫోన్‌లో డబ్బు పంపుతూ వెనక్కి చూడకుండానే ఎడమ తలుపు తోస్తారు. కారు నడిపేవారు కూడా దీన్ని చదువుతున్నారనుకుని వారికొక మాట: కుడి తలుపును ఎడమ చేత్తో తెరవడం అలవాటు చేసుకోండి. చెయ్యి అడ్డంగా చాచితే ఒళ్లు తిరుగుతుంది, ఒళ్లు తిరిగితే చూపు దానంతటదే వెనక్కి పోతుంది.

లైట్ల గురించి కొద్దిగానే చెబుతాను. వెనుక ఎర్ర లైటు పగలు కూడా వేసి ఉంచండి. మెరిసే పట్టీలను చొక్కా మీద కన్నా చీలమండలకు కట్టుకోండి. పైకీ కిందికీ ఆడే ఆ రెండు చుక్కలను చూడగానే ఇది తొక్కుతున్న మనిషి అని డ్రైవర్‌కు తెలిసిపోతుంది. దగ్గరి దారి అని రాంగ్ రూట్‌లో ఎప్పుడూ పోకండి. కారు 50, మీరు 15 వేగంతో ఉంటే ఒకే దిశలో మీ మధ్య తేడా 35. ఎదురుబొదురైతే అది 65 అవుతుంది, ఫోన్‌లోంచి తల ఎత్తేవాడికి దొరికే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. మీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే డ్రైవర్ల పరధ్యానం గురించి అడిగే హక్కు మీకు కాస్త తగ్గుతుందని కూడా మొహమాటం లేకుండా చెప్పేస్తున్నాను.

ఎవరైనా తగిలించి పోతే ముందు నంబరు ప్లేటును గట్టిగా పైకి చదవండి. మనసులో అనుకున్న నంబరు రెండు నిమిషాల్లో చెదిరిపోతుంది. పైకి అన్నది పక్కవారికి కూడా గుర్తుంటుంది. వెంటబడకండి, బానెట్ మీద కొట్టకండి. గాయమైతే 108కి, పోలీసులకు 112కి ఫోన్ చేయించండి. సహాయం చేయడానికి వచ్చినవారు భయపడితే, మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ వారికి రక్షణ ఇస్తుందని చెప్పండి. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు చెల్లించకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి అమల్లో ఉంది. సైకిలుకు బీమా లేదు కదా అని వెనకాడవలసిన పని లేదు. గుద్దిన వాహనానికి ఉన్న థర్డ్ పార్టీ బీమా మీలాంటి వారి కోసమే. వాహనం దొరక్కపోయినా తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి రెండు లక్షల పరిహారం ఉంది.

చివరగా మీ దారి. కొండాపూర్, కొత్తగూడ వైపు వచ్చాక ఫ్లైఓవర్ ఎక్కకండి, కింది రోడ్డులోనే రండి. పైన మలుపులు, సిగ్నళ్లు లేవన్న ధైర్యంతోనే డ్రైవర్లు ఫోన్ తీస్తారు, మీకు పక్కకు దిగే చోటు కూడా ఉండదు. పది నిమిషాలు ఆలస్యమైనా కాలనీల లోపలి దారి ఉంటే అదే పట్టండి. లేన్‌లోకి రావాలంటే ముందుగా వెనక్కి తిరిగి చూస్తూ సైకిలును తిన్నగా నడపడం రావాలి. చాలామందికి అది రాదు, తల తిప్పగానే హ్యాండిల్ కూడా తిరుగుతుంది. మీ ఆఫీసుకు దగ్గర్లోనే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రాంగూడ నుంచి, నార్సింగి నుంచి వెళ్లే సోలార్ కప్పు సైకిలు ట్రాక్ ఉంది, 2023 అక్టోబరులో తెరిచారు, మొత్తం 23 కిలోమీటర్లు. రెండు ఆదివారాలు తెల్లవారుజామున, జనం పలచగా ఉన్నప్పుడు అక్కడికి వెళ్లి, ట్రాక్ మీద గీసిన గీత వెంట చక్రం పోనిస్తూ మూడు లెక్కపెట్టేదాకా కుడి భుజం మీదుగా వెనక్కి చూడండి. చక్రం గీత దాటకుండా పది సార్లు వరసగా వచ్చాకే మియాపూర్ రోడ్డు మీద ఆ మీటరు లోపలికి రండి.